గేటు ముందు అమ్ముతున్న కంప్యూటర్ పట్టాలు



జీతాల రోజు వచ్చిందంటే చాలు, షిఫ్టు వదిలే వేళకు మన గేట్ల ముందు రంగురంగుల కరపత్రాలు పంచుతున్నారు. ఏడాదిలో కంప్యూటర్ డిగ్రీ అట, ఉద్యోగం గ్యారంటీ అట, ఇవాళ చేతి నుంచి పైసా కట్టనక్కర్లేదట!

మనలోని పడుచువాళ్లు, మన పిల్లలు కంప్యూటర్ చదువు కోరుకోవడం తప్పని మేం అనం. మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్నచోట 2010 నుంచి మాల్ నడుస్తోంది. బిన్నీ మిల్లు నేల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి బతకడానికి వచ్చి పీణ్యాలో, బొమ్మనహళ్లిలో బట్టలు కుడుతున్న మనకు, చేతిలో ఇంకో పని ఉంటే బాగుండుననిపించడం న్యాయమే. ఆ ఆశను వాయిదాల మీద అమ్ముకునే దళారీలతోనే మా పోట్లాట.

పైసా కట్టనక్కర్లేదంటే అర్థమేమిటి? మీ చేత సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఒకటి అప్పు పత్రం. ఫైనాన్స్ కంపెనీ మొత్తం సొమ్ము ఒక్కసారే దళారీకి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత దళారీకి మీతో పనేముంది? పాఠం జరిగినా జరగకపోయినా, మీరు రెండో నెలలోనే మానేసినా, నెలనెలా వాయిదా మాత్రం మీ బ్యాంకు ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. కొందరు పి.ఎఫ్. తీసి కడదామనుకుంటున్నారు. ఏ పి.ఎఫ్.? 2016 ఏప్రిల్‌లో ఈ ఊరి గార్మెంట్ కార్మిక స్త్రీలు లాఠీదెబ్బలకు ఓర్చి, రోడ్లు స్తంభింపజేసి, కేంద్ర ప్రభుత్వం చేత నిబంధన వెనక్కి తీయించి కాపాడుకున్న పి.ఎఫ్.! అది దళారీ జేబులోకి పోవడానికా?

పట్టా చేతికొచ్చినా చెల్లుతుందన్న నమ్మకం లేదు. మన రాష్ట్రంలోనే చూడండి. మైసూరులోని కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం సాక్షాత్తూ ప్రభుత్వానిది. రాష్ట్రం దాటి కేంద్రాలు నడిపిందని, అనుమతి లేని సాంకేతిక కోర్సులు పెట్టిందని యు.జి.సి. అభ్యంతరం చెప్పింది. 2012-13 తర్వాతి కోర్సులకు గుర్తింపు లేదని 2015లో ప్రకటించింది. 2018లో గుర్తింపు తిరిగొచ్చింది గానీ, మధ్యలో చేరిన వేలాదిమంది పడ్డ అగచాట్లకు ఎవరు జవాబు చెప్పారు? 2017 నవంబరులో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలపై తీర్పు చెప్పింది. 2001-05 మధ్య చేరినవారి పట్టాలు నిలిపివేసింది, ఆ తర్వాత చేరినవారివి రద్దే చేసింది. అనుమతి తీసుకోనిది యాజమాన్యాలు, పట్టా పోయింది చదివినవాళ్లకు.

అందుకే ముందు చూడవలసింది ఫీజు కాదు, అనుమతి. ఏ ఏడాది ఏ విశ్వవిద్యాలయం ఏ కోర్సును దూరవిద్యలో నడపవచ్చో యు.జి.సి. దూరవిద్యా విభాగం తన వెబ్‌సైటులో పెడుతుంది. ఫ్రాంచైజీల ద్వారా ఇలాంటి కోర్సులు నడపరాదని 2022లో అదే హెచ్చరించింది. డబ్బు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టాలి. మధ్యలో ఇంకొకడి పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

మరి మనబోటివాళ్లకు ఏది అందుతుంది? పగలు కాలేజీకి పోగలిగిన పిల్లలుంటే ప్రభుత్వ ప్రథమ దర్జె కళాశాలల్లో ఎక్కడెక్కడ బి.సి.ఎ. ఉందో ముందు వాకబు చేయండి. పని మానలేని వాళ్లకు మా మాట ఇగ్నో బి.సి.ఎ. ఇంటర్ లేదా పి.యు.సి. పాసైతే చాలు. మూడేళ్ల చదువు, ఆరేళ్లలోపు పూర్తి చేయవచ్చు. ఈ ఆరేళ్ల గడువే మనకు వరం. ఫీజు విడతలుగా కడతాం, పరీక్షలు ఏటా జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి, ఒకసారి తప్పినా కొంప మునగదు. కష్టాలూ చెప్పాలి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, ల్యాబుకు హాజరు తప్పదు.

2020లో మద్రాసు ఐ.ఐ.టి. మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీ ఇంకో దారి. జె.ఇ.ఇ. అక్కర్లేదు, అర్హత పరీక్ష నెగ్గితే చాలు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో 75 శాతం దాకా తగ్గింపు ఉంది, సర్టిఫికెట్ దగ్గరో డిప్లొమా దగ్గరో ఆగిపోవచ్చు కూడా. ఆ తగ్గింపు రాకపోతే మాత్రం అది మన జీతాలకు మోయరాని బరువు. పైగా వారం వారం పని అప్పజెప్పాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికి అది అంత తేలిక కాదు. ఏ పట్టా అయినా తనంతట తాను ఉద్యోగం తెచ్చిపెట్టదు, ఆ మాట కరపత్రాలు చెప్పవు గనుక మేమే చెబుతున్నాం.

డబ్బు సంగతి ఎలాగో చూసుకుందాం. పొద్దు ఎక్కడిది? 2023లో కర్ణాటక ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టం సవరించి రోజుకు 12 గంటల పనికి తలుపు తెరిచింది. మూడు నెలలకు 75 గంటలున్న ఓవర్‌టైమ్ పరిమితిని 144కు పెంచింది. వారానికి 48 గంటలేనట, కార్మికుడు రాసి ఒప్పుకుంటేనేనట! మేనేజరు ఎదుట నిలబెట్టి కాగితం చేతికిస్తే, ఒప్పుకోనని చెప్పి మర్నాడు పనిలో ఉండగలిగేవాళ్లు మనలో ఎందరు? 12 గంటలు మిషను మీద వంగినవాడు ఇంటికొచ్చి ఏ పుస్తకం తెరుస్తాడు? ఆడవాళ్లకైతే ఇంటి దగ్గర రెండో షిఫ్టు కాచుకునే ఉంటుంది. కంప్యూటర్ ఉద్యోగమొస్తే ఈ బాధ తీరుతుందనుకునేవారూ ఒకటి గమనించాలి. 2024లో ఇదే ఊళ్లో ఐ.టి. ఉద్యోగులకు రోజుకు 14 గంటల ప్రతిపాదన వస్తే, వాళ్ల సంఘమూ వీధిలోకి రావలసి వచ్చింది.

కనుక ఈసారి వేతన ఒప్పందంలో చదువు కూడా డిమాండుగా ఉండాలంటున్నాం. చదువుకునే కార్మికులకు జూన్, డిసెంబరు పరీక్షలకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ల్యాబు రోజుల్లో షిఫ్టు మార్చకూడదు. 12 గంటల కాగితం మీద ఎవరూ ఒంటరిగా సంతకం పెట్టొద్దు. ఇంగ్లీషు పుస్తకాలు కలిసి చదువుకోవడానికి మన ఆఫీసు గది ఇస్తాం, చదివినవాళ్లు వచ్చి చెప్పండి. కరపత్రం చూసి మనసు పడ్డవాళ్లు ఆ కాగితాలన్నీ తీసుకుని ఆదివారం ఆఫీసుకు రండి, సంతకం పెట్టకముందే రండి.