శుద్ధి ఖర్చు ఫ్యాక్టరీ భరించాలి, పొలం కాదు

ఇబ్రహీంపట్నం దగ్గర బుడమేరు డైవర్షన్ కాలువ కృష్ణలో కలుస్తుంది. ఆ నీరే దిగువన ప్రకాశం బ్యారేజీ నుంచి డెల్టా కాలువలకు వెళ్తుంది. పక్కనే కొండపల్లి పారిశ్రామిక వాడ. కాబట్టి ఇక్కడ ఫ్యాక్టరీల మురుగునీరు యాజమాన్యాల సొంత వ్యవహారం కాదు, మన పంట వ్యవహారం.

మందుల, రంగుల తయారీ నీటిలో కొన్ని కర్బన రసాయనాలు సూక్ష్మజీవులకు లొంగవు. "దానికి దారి లేదు" అంటే మనం నమ్మొద్దు. ఇనుము తోడైతే హైడ్రోజన్ పెరాక్సైడ్ బలం ఎంతో ఫెంటన్ 1894లోనే చూపాడు. పాత పద్ధతిలో నీటిని బాగా పులుపెక్కించాలి, చివరికి ఇనుప బురద మిగులుతుంది. ఇప్పుడు ఇనుప ఆక్సైడును బంకమట్టి, జియోలైట్ వంటి వాటిపై నిలిపిన ఘన ఉత్ప్రేరకాలున్నాయి. వాటిని వడకట్టి మళ్లీ వాడొచ్చు, బురదా తగ్గుతుంది. అయితే ఉప్పు, భార లోహాలు దీనితో పోవు. వాటికి వేరే శుద్ధి కావాలి.

శుద్ధి కేంద్రం ఉందంటే సరిపోదు. పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రంలో శుద్ధి అయిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది.

పెరాక్సైడ్ ఖరీదంటారు. మన పంట పోతే అది ఖరీదు కాదా? కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం: మొండి రసాయనాలను ఫ్యాక్టరీ గేటు లోపలే నాశనం చేయాలి. మంచినీళ్లు కలిపి పలచన చేయడాన్ని శుద్ధిగా లెక్కించకూడదు. కాలుష్య నియంత్రణ మండలి నెలనెలా కాలువ నీటి పరీక్ష ఫలితాలను తెలుగులో నోటీసు బోర్డుపై పెట్టాలి.

రైతులారా, ఈ డిమాండ్లపై ప్రతి ఊళ్లో సంతకాలు సేకరిద్దాం!