బియ్యం మూటతో బిడ్డ భయం పోతుందా?

గూడెం మీద దాడి జరిగిన మర్నాడు ఎవరెవరొస్తారో మనకి తెలుసు. జీపులొస్తాయి. పోలీసు పికెట్టు వస్తుంది. తాసిల్దారు వస్తాడు. బియ్యం, పప్పు, దుప్పట్లు, గిన్నెలు దిగుతాయి. కొంపలు ఎన్ని కాలాయి, గొడ్లు ఎన్ని పోయాయి, చచ్చినోళ్ళెందరు, దెబ్బలు తిన్నోళ్ళెందరు అని లెక్క రాసుకుంటారు. ఆ లెక్కలోకి ఎక్కని దెబ్బ ఒకటుంది. గడ్డివామి చాటున నక్కి, అంతా కళ్ళారా చూసిన ఆరేళ్ళ బిడ్డకి తగిలిన దెబ్బ అది. దానికి కట్టు కట్టే డాక్టరు లేడు. దానికి ఎఫ్.ఐ.ఆర్. లేదు.

చట్టం ఏం చెబుతోందో చూడండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని నిబంధనలు 1995లో వచ్చాయి. 2016లో వాటిని సవరించారు. మనిషిని చంపితే ఆ కుటుంబానికి నెలకి 5,000 రూపాయల మూల పింఛను, ఒకరికి ఉద్యోగం, భూమి, ఇల్లు, పిల్లలకి డిగ్రీ దాకా చదువు ఖర్చు, 3 నెలలకి సరిపడా బియ్యం, గోధుమలు, పప్పులు, వంట సామాను ఇవ్వాలని ఆ జాబితాలో ఉంది. ఇవన్నీ మన హక్కు. ఒక్క పైసా వదులుకోం. కానీ ఆ జాబితాలో రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచే బిడ్డ మాట ఎక్కడుంది? బియ్యానికి 3 నెలల గడువు పెట్టారు సరే, భయానికి గడువెవరు పెడతారు?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు పాడుచెయ్యొద్దన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగినందుకు కసి తీర్చుకున్నారు. పిల్లల్ని చంకనేసుకుని జనం చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. శవాల్ని గోతాల్లో మూటగట్టి తుంగభద్ర డ్రెయిన్‌లో పారేశారు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా లక్షింపేటలో అయిదుగురిని చంపారు. ఈ ఊళ్ళన్నిట్లోనూ చూసిన పిల్లలున్నారు.

చుండూరు లెక్కే కట్టండి. 1991లో 5 ఏళ్ళున్న బిడ్డకి, ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం వేసేనాటికి 21 ఏళ్ళు. హైకోర్టు 2014 ఏప్రిల్ 22న అందర్నీ విడిచిపెట్టేనాటికి 28 ఏళ్ళు. కోర్టు వాయిదాల మధ్యనే బాల్యం పోయింది, యవ్వనమూ పోయింది. న్యాయం వచ్చాక బిడ్డ మనసు సంగతి చూద్దామంటే ఎప్పటికి చూస్తాం?

"చిన్నపిల్లలు కదా, వాళ్ళే మర్చిపోతారు" అంటారు పెద్దోళ్ళు. అబద్ధం. మర్చిపోరు. మాట్లాడటం మానేస్తారు. పక్క తడుపుతారు. ట్రాక్టరు చప్పుడు వింటే తల్లి కొంగులో దూరతారు. బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటారు. దాన్ని మొండితనమని కొడతాం, గాలి సోకిందని తాయెత్తు కడతాం. బిడ్డ చెప్పాల్సింది మాత్రం లోపలే ఉండిపోద్ది.

1941లో గుర్రం జాషువా 'గబ్బిలం' రాశాడు. అందులో అంటరానోడికి తన గోడు చెప్పుకోడానికి మనిషి దొరకలేదు. గుళ్ళోకి పోగలిగిన గబ్బిలానికి చెప్పుకున్నాడు. ఇంతమంది అన్నలం, అక్కలం ఉండి, మన బిడ్డలు కూడా గబ్బిలాన్నే వెతుక్కోవాలా?

బిడ్డ మాటల్లో చెప్పలేనిది చేత్తో చెబుతుంది. బొగ్గుముక్క ఇస్తే గోడ మీద గీస్తుంది. మట్టి ఇస్తే బొమ్మ చేస్తుంది. పదిమందితో కలిసి అడుగేస్తే బిగుసుకుపోయిన ఒళ్ళు వదులవుద్ది. పాట అందుకుంటే గొంతులో అడ్డం పడింది కదులుద్ది. ఇది గొప్పోళ్ళ విలాసం కాదు. నాట్లేస్తా పాడిన మన అమ్మలకి, బిడ్డని పోగొట్టుకుని రాగం తీసి ఏడ్చిన మన అవ్వలకి ఇది తెలుసు. ఆడుకునే హక్కు, కళల్లో పాల్గొనే హక్కు ప్రతి బిడ్డకీ ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. హింసకి గురైన బిడ్డ కోలుకునేట్టు చూడాలని 39వ అధికరణం చెబుతోంది. భారత ప్రభుత్వం 1992లో దాన్ని ఒప్పుకుంది. ఒప్పుకున్నోళ్ళు ఏ గూడేనికి వచ్చి ఏ బిడ్డ చేతికి ఏమిచ్చారు?

డప్పు సంగతికొద్దాం. "పెద్దింటి చావులకి వెట్టిగా కొట్టించిన డప్పు మళ్ళీ మన పిల్లల చేతికా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన తాతలు కడుపు మాడ్చుకుని వాళ్ళ శవాల ముందు కొట్టారు. కొట్టనన్నోడి వీపు మోగింది. అయితే తప్పు డప్పుది కాదు, కొట్టించినోడిది. ఒకడి హుకుంకి కొడితే వెట్టి. మన ఇష్టానికి కొడితే అది మన గొంతు. 1994లో మాదిగ దండోరా లేచినప్పుడు అదే డప్పు ఊరూరా మోగలేదా? మంట దగ్గర డప్పు కాచి, ఎడం చేత చిటికెన పుల్ల, కుడిచేత సిర్ర పట్టి, పక్కోడి దెబ్బతో తన దెబ్బ కలిపే బిడ్డకి ఒక సంగతి అర్థమవుద్ది: నేను ఒంటరిదాన్ని కాదు, నా చేతిలో బలం ఉంది. ఆడపిల్లకి డప్పెందుకనే మగాళ్ళు ముందు తమ బుర్రలు కాచుకోవాలి.

పుట్టుకని బట్టి మనుషుల్ని వేరుచేసి చంపిన చోట మనలాంటోళ్ళే ఈ పని చేశారు. హిట్లర్ యూదుల్ని బంధించిన చోట్లలో టెరెజిన్ ఒకటి. అది ఇప్పటి చెక్ దేశంలో ఉంది. అక్కడికి తోలిన ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి, తెచ్చుకోనిచ్చిన కాస్త సామానులోనే రంగులు, కాయితాలు తెచ్చుకుంది. పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు గీయించింది. ప్రతి బొమ్మ మీదా ఎవరి పేరు వాళ్ళని రాయమంది. ఆమెని 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆ పిల్లల్లోనూ చాలామందిని చంపేశారు. రెండు పెట్టెల్లో దాచిన దాదాపు 4,500 బొమ్మలు మిగిలాయి. బొమ్మలు ప్రాణాలు కాపాడలేదు. ఆ మాట మనం దాచకూడదు. కానీ శత్రువు వాళ్ళకి నంబరు వేస్తే, ఆమె వాళ్ళ పేరు వాళ్ళకి తిరిగిచ్చింది.

మన దగ్గరకొచ్చే స్వచ్ఛంద సంస్థల వాళ్ళూ రంగుపెన్సిళ్ళు తెస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన పెంకుటిల్లు గీయమంటారు. ఫోటో తీసుకుని పోతారు. తగలబడ్డ గుడిసె గీసిన బిడ్డతో "మంచి బొమ్మ గీయమ్మా" అంటారు. ఆ బిడ్డకి అదే నిజమైన బొమ్మ. దాన్ని దిద్దడానికి మీరెవరు?

వాళ్ళని అన్నాం. ఇక మనల్ని మనం అనుకుందాం. సభ పెడతాం. తండ్రిని పోగొట్టుకున్న పిల్లని వేదికెక్కించి ఆ చావు మీద పాట పాడిస్తాం. పిల్ల ఏడుస్తుంది, జనం ఏడుస్తారు, సభ జయప్రదమైందంటాం. నేను కూడా ఆ పని చేసినోణ్ణే. ఆ రాత్రి ఆ బిడ్డ అన్నం తిన్నదా అని నేను అడగలేదు. పెద్దోళ్ళ పోరాటానికి బిడ్డ గాయాన్ని జెండా చెయ్యడం ఉద్యమం కాదు. బాధిత బాలల, సాక్షులైన బాలల గుర్తింపు బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. పత్రికలోళ్ళకే కాదు, మనకీ వర్తిస్తుంది.

ఇంకో మాట. పాట పాడించి బిడ్డని జోకొట్టి, పెద్దల చేత రాజీ కాయితం మీద సంతకం పెట్టించే వాళ్ళొస్తారు. జాగ్రత్త. కేసు కేసే, భూమి భూమే, శిక్ష శిక్షే. కళ వాటికి బదులు కాదు. వాటి కోసం నిలబడే మనుషుల్ని చిన్నప్పట్నించీ కాపాడుకునే పని అది.

అందుకని కార్యకర్తలారా, దాడి జరిగినా, తుఫానొచ్చినా, వరదొచ్చినా, శిబిరం పెట్టిన మొదటి రోజే పిల్లలకంటూ ఒక చెట్టునీడ కేటాయించండి. రోజూ ఒకే వేళకి కూర్చోబెట్టండి. వాళ్ళకి తెలిసిన అక్కో, అన్నో కూడా ఉండాలి. డప్పు, బొగ్గు, మట్టి, పాత కాయితాలు చాలు. చిందు, బైండ్ల, డక్కలి కళాకారుల్ని పిలవండి. బస్సు ఛార్జీ, భోజనం, కూలీ ఇచ్చి పిలవండి, ఊరికే రమ్మనకండి. జరిగింది గీయమని బలవంతపెట్టొద్దు. "ఎవరు నరికారు?" అని అడగొద్దు. బిడ్డ చెబితే వినండి. చెప్పకపోతే పక్కన కూర్చోండి. గీసిన బొమ్మ ఆ బిడ్డ సొత్తు, అడగందే ఎవరికీ చూపొద్దు. వారాల తరబడి నిద్ర, తిండి లేని బిడ్డని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోండి, సిగ్గుపడకండి. కెమెరాలు పోయాక, నాయకులు పోయాక కూడా ఆ చెట్టుకింద పని ఆగకూడదు.

మన మీదికి వచ్చినోడు మన ఇల్లు కాల్చి ఊరుకోడు, మన బిడ్డ తల ఎత్తకుండా చూడాలనుకుంటాడు. ఆ బిడ్డ మళ్ళీ నవ్విన రోజు, మళ్ళీ గొంతెత్తి పాడిన రోజు వాడు ఓడిపోతాడు.

జై భీమ్!