సేవకులకూ టీకా కార్డు ఉండాలి

రమజాన్ రాత్రుల్లో ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణల్లో సహరీ భోజనం పంచే యువకులు మన పాఠకులకు కొత్త కాదు. స్ట్రెచర్ తోయటం, రక్తదాతను వెతికిపెట్టటం, చదువురాని తల్లికి ఓపీ చీటీ రాయించటం, ఇవన్నీ జీతం లేని పనులే. 2021 వేసవిలో బంధువులే దగ్గరికి రాని శవాలను మతం చూడకుండా సాగనంపినవారిలో మన బిడ్డలూ ఉన్నారు. 18 ఏళ్లు దాటినవారందరికీ కొవిడ్ టీకా తలుపు తెరుచుకున్నది ఆ ఏడాది మే 1న. ఏప్రిల్ నెలంతా శవాలు మోసిన యువకుల్లో ఎంతమందికి టీకా పడిందో అడిగిన నాథుడు లేడు.

ఇప్పుడు కొన్ని ఆసుపత్రులు సేవకులను టీబీ పరీక్ష, టీకాల వివరాలు అడిగితే "మమ్మల్ని అనుమానిస్తున్నారా?" అని మనసు చివుక్కుమంటుంది. 2020 వసంతంలో ఒక రోగానికి ఒక మతం పేరు తగిలించిన తీరు మరిచిపోలేనిది కనుక ఆ బాధ అర్థమవుతుంది. అయినా మేము ఈ నిబంధనను సమర్థిస్తున్నాం. రాతలో ఉండి, వైద్యుడి నుంచి వాలంటీరు వరకు అందరికీ ఒకేలా వర్తించే నియమమే పేరు చూసి, గడ్డం చూసి ప్రశ్నించే అవకాశాన్ని తగ్గిస్తుంది. నియమం లేనిచోట గేటు దగ్గరి మనిషి ఇష్టమే నియమం.

ప్రమాదం ఊహ కాదు. దుప్పట్ల మడతల్లో మిగిలిపోయిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి రావచ్చు. దీని టీకా మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేస్తే రక్షణ ఏర్పడిందో లేదో తెలుస్తుంది. ఇక క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. ఇక్కడ ఒక అపోహ తొలగాలి. 2019-21 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందిలో క్షయ సంక్రమణ ఉంది. అంటే చర్మపరీక్షలో పాజిటివ్ రావటం జబ్బు ఉన్నట్టు కాదు. దగ్గు, జ్వరం వంటి లక్షణాలు చూసి, ఎక్స్‌రే, అవసరమైతే కఫం పరీక్షించాకే నిర్ధారణ. ఆ తేడా తెలియని గుమాస్తా ఒక యువకుడిని రోగిగా ముద్ర వేస్తే వాడి పెళ్లి సంబంధం దాకా పోతుంది.

అందుకే మన మద్దతుకు షరతులున్నాయి. పరీక్షలకూ టీకాలకూ అయ్యే ఖర్చు ఆసుపత్రే భరించాలి. ఆటో నడిపే కుర్రవాడు సెలవు రోజున సేవకు వస్తే, వాడి జేబు నుంచే రుసుము వసూలు చేయటం అన్యాయం. ఫలితాలు గోప్యంగా ఉండాలి. హెచ్‌ఐవీ విషయంలో 2017 నాటి చట్టం స్పష్టంగా ఉంది: తెలియజెప్పి తీసుకున్న సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, ఉద్యోగానికి దానిని షరతుగా పెట్టరాదు. జీతం లేని సేవకుడికి ఇంతకన్నా తక్కువ రక్షణ ఎందుకు? మహిళా వాలంటీర్లకు టీకా వేసేది, పరీక్షించేది మహిళా సిబ్బంది అయితే మన ఇళ్ల నుంచి మరెందరో వస్తారు.

టీకా అంటే మన సమాజం వెనుకాడుతుందనే మాట తరచూ వింటాం. ఆ మాట అనేవారు హజ్ యాత్రికుల వరుస చూడాలి. 2000, 2001 హజ్ కాలాల్లో మెదడువాపు కలిగించే మెనింజైటిస్ వ్యాపించాక, సౌదీ ప్రభుత్వం నాలుగు రకాల క్రిముల నుంచి కాపాడే టీకాను తప్పనిసరి చేసింది. ఆ సూది వేయించుకోవటానికి ఏ హాజీ కూడా నొచ్చుకోలేదు. జనసమూహంలో తనవల్ల మరొకరికి హాని కలగరాదన్న ఎరుక అది. అదే ఎరుక వార్డులోనూ పనికివస్తుంది. అక్కడ మంచం మీద ఉన్నది కీమోథెరపీతో నీరసించిన బిడ్డ కావచ్చు.

మన మస్జిద్ కమిటీలూ సేవాసంఘాలూ కూడా సమాధానం చెప్పుకోవాలి. యువకులను పంపి ఫొటోలు తీసుకోవటంలో చూపే శ్రద్ధ వారి ఆరోగ్యం మీద చూపామా? హెపటైటిస్ మూడవ మోతాదు పడటానికి ఆరు నెలలు కావాలి. వచ్చే రమజాన్‌కు వార్డులలోకి పంపదలచినవారి పేర్లు ఇప్పుడే రాసుకుని, ఉచిత టీకా కోసం ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఈ నెలలోనే వినతిపత్రం ఇవ్వండి. దాని నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.