వెండి జలతారు, నడికట్టు

లత వీధి దక్షిణపు కొస స్ట్రాండ్ రోడ్డును తాకుతుంది. రోడ్డుకు అవతల రంగూన్ రేవు. బ్రిటిష్ పాలనలో అక్కడ ఓడల సరకు మోసినవారిలో అత్యధికులు కోస్తా జిల్లాల నుండి వలసవెళ్ళిన తెలుగువారు. సైనిక దుస్తులపై వెలువడే ఖరీదైన సచిత్ర గ్రంథాలను ఆ రేవు పక్కన కూర్చుని చదవాలి.

వాలంటీర్ ఆశ్వికదళాల అధికారుల మెస్ దుస్తులంటే ఆ గ్రంథకర్తలకు మహా మక్కువ. గుర్రపుశాలలో తొడిగే పొట్టికోటు రాత్రి విందుబల్ల దాకా ఎలా వచ్చిందో వివరిస్తారు. శాశ్వత సైన్యానికి బంగారు జలతారు, వాలంటీర్లకు చాలావరకు వెండి జలతారు అని చెబుతారు. ఆ కుట్టుపని అందమైనదే, కాదనడం మూర్ఖత్వం. ఉష్ణదేశాలలో లోకోటు భరింపరానిదై దాని స్థానంలో నడికట్టు వచ్చింది. దాని ఇంగ్లీషు పేరు కమ్మర్‌బండ్ పారశీక 'కమర్‌బంద్' నుండి హిందుస్తానీ మీదుగా వెళ్ళినదే. తరచు కలం ఇక్కడే ఆగుతుంది.

ఆగవలసిన చోటు ఇది కాదు. నడికట్టును లోనికి రానిచ్చిన మెస్, దానిని కట్టుకొనే దేశపు మనిషిని సభ్యుడిగా రానివ్వలేదు. 1885లో మద్రాసుతో సహా పలుచోట్ల భారతీయులు వాలంటీర్లుగా చేరతామన్నారు, ప్రభుత్వం ఒప్పుకోలేదు. మరుసటి ఏడు కాంగ్రెస్ తీర్మానించినా ఫలితం లేదు. 1920 నాటి ఆగ్జిలరీ ఫోర్స్ కూడా యూరోపియన్లకు, ఆంగ్లో-ఇండియన్లకే పరిమితమైంది. బర్మా అప్పుడు భారత సామ్రాజ్యంలో భాగం కనుక రంగూన్‌లోనూ అదే నియమం. స్వచ్ఛందం అన్న మాటకు ఇంతకంటె అపహాస్యం ఉంటుందా?

"ఇది దుస్తుల చరిత్ర, రాజకీయమెందుకు?" అనే సమాధానం చెల్లదు. ముంజేతి జలతారులో హోదాను చదవమని నేర్పినవారే, ఆ ముంజేయి ఎవరిదై ఉండాలో అడగవద్దంటే ఎలా?

ఆ దళాల ముఖ్య కర్తవ్యాలలో అంతర్గత శాంతిరక్షణ ఒకటి. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలోకి దించారు. సమ్మె ముగిసి, 26న వారిని పొమ్మనడంతో మొదలైన అల్లర్లలో వందకు పైగా మరణించారు. వారిలో అత్యధికులు తెలుగువారే. నాటి జిల్లా మేజిస్ట్రేట్ మారిస్ కాలిస్ 'ట్రయల్స్ ఇన్ బర్మా' (1938)లో ఆ రోజులను రాశాడు. మెస్ కోట్లను ప్రేమించేవారు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకొని చదవాలి. తదుపరి ముద్రణలో వర్ణచిత్రం కింద, జలతారు వెడల్పుతో పాటు, ఆ దళంలో ఎవరిని చేర్చుకొనేవారో, ఎవరిని వద్దనేవారో చెప్పే ఒక్క పంక్తి వేయడానికి కాగితం ఎక్కువ పట్టదు.