కాక్టస్‌కు మందు అడిగే ముందు వేరు చూడాలె



మన పాలమూరులో ఇప్పుడు చాలా ఇండ్ల అరుగుల మీద కాక్టస్ కుండీలు కనబడుతున్నయి. ఊరి బయట ఎర్ర చెలకల్లో సిమెంటు స్తంభాలు పాతి డ్రాగన్ ఫ్రూట్ పెడుతున్నరు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. ఏదైనా పసుపెక్కితే మన నోట్ల వచ్చే మొదటి మాట కూడా ఒక్కటే: "ఏం కొట్టాలె?" రసాయన రైతు దుకాణంల మందు పేరు చెప్తడు, మనం కషాయం పేరు చెప్తం. పేర్లే వేరు, ఆలోచన ఒక్కటే. నాకు అక్కడ్నే అభ్యంతరం. కాక్టస్ మీద మనకు కనబడేవి చాలావరకు రోగాలు కావు. నీళ్ళు, గాలి, ఎండ లెక్క తప్పినందుకు మొక్క చూపించే గుర్తులు.

సుభాష్ పాలేకర్ గారు చెప్పిన నాలుగు చక్రాలు మనకు తెలుసు: బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాపస. మొదటి మూడూ నిద్రల లేపి అడిగినా చెప్తం. నాలుగోది మీటింగుల చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి మరుస్తం. మట్టి రేణువుల నడుమ ఖాళీలల్ల సగం గాలి, సగం నీటి ఆవిరి ఉండాలె, నీళ్ళు నిలబడొద్దు అనేదే వాపస. కాక్టస్‌కు మిగతా మూడింటి కంటే ఇదే ముఖ్యం. ఈ మొక్క పగలు ఎండల తన రంధ్రాలు మూసుకుంటది, రాత్రి చల్లబడ్డంక తెరిచి గాలి పీలుస్తది. అందుకే చెమట తక్కువ, నీళ్ళ వాడకం తక్కువ. రోజూ ఒక గ్లాసు పోస్తే మొక్క తాగదు, ఆ నీళ్ళు వేరు చుట్టే ఉంటయి. వేరుకు గాలి ఆడదు, కుళ్ళు మొదలైతది.

అట్ల పసుపెక్కిన కుండీల జీవామృతం పోస్తే ఏమైతది? అందుల బెల్లం, పప్పు పిండి, పేడ ఉన్నయి. తడి మట్టిల ఆ సూక్ష్మజీవులు ఇవన్నీ తినుకుంట మిగిలిన కాస్త గాలిని కూడా వాడేస్తయి. జీవామృతం మంచిదే, దాన్ని నేను తక్కువ చేస్తలేను. కానీ ఊపిరాడనోనికి అన్నం పెట్టినట్టు ఉంటది. దుకాణం మందు నీళ్ళల్ల కలిపి మొదట్ల పోసినా ఇదే కథ, ఎందుకంటే ఆ మందుతో పాటు ఇంకిన్ని నీళ్ళు పోతయి.

మరి చూసుడెట్ల? వీడియోల చూపించినట్టు ముందు బొటనవేలితో మొదలు దగ్గర నొక్కి చూడండి. మెత్తగ, తడిగ, లోపలికి పోతుంటే కుళ్ళు. గట్టిగ, గోధుమ రంగుల, చెట్టు బెరడు తీరుగ ఉండి కింది నుంచి మెల్లగ పైకి వస్తుంటే అది వయసు, దానికి ఏ మందూ వద్దు. పడమటి ఎండ తగిలే దిక్కే తెల్లగనో పసుపుగనో అయి, అక్కడ్నే ఆగిపోతే ఎండ దెబ్బ. ఆ మచ్చ పోదు, పెరగదు కూడా. తల భాగం సన్నగ, పాలిపోయి పొడుగ్గ సాగుతుంటే వెలుతురు సాలుతలేదు. అట్లాంటి మొక్కను ఒక్కరోజే ఎర్రటెండల పెట్టొద్దు, పొద్దటి ఎండకు కొన్ని రోజులు అలవాటు చేయాలె.

ముడతలు పడుడు మాత్రం మనల్ని మోసం చేస్తది. దాహమైనా ముడుచుకుంటది, వేర్లు కుళ్ళి నీళ్ళు గుంజలేకపోయినా ముడుచుకుంటది. చూసేతందుకు రెండూ ఒక్క తీరే. మట్టి ఎండి ఉంటే ఒక్కసారి నిండుగ తడిపి వారం ఆగండి. మళ్ళ నిండుకుంటే దాహమే. మట్టి తడిగ ఉండంగనే ముడతలు పడితే కుండీల నుంచి తీసి వేరు చూడాల్సిందే. మంచి వేరు తెల్లగ, గట్టిగ ఉంటది. కుళ్ళిన వేరు పైపొర చేతికి ఊడొస్తది, వాసనొస్తది.

కుళ్ళు దొరికినంక కషాయాల జోలికి పోవద్దు. కత్తే దానికి మందు. కాల్చి చల్లార్చిన కత్తో, స్పిరిటుతో తుడిచిన కత్తో తీసుకొని కుళ్ళు పైనుంచి కోయాలె. కోసిన చోట నడుమ ఉంగరం లెక్క కనబడే భాగంల కొంచెం గోధుమ రంగు ఉన్నా ఇంకింత పైకి కోయాలె, ప్రతి కోతకూ కత్తి తుడవాలె. శుభ్రమైన ముక్కను నీడల, గాలి తగిలే చోట వారం పది రోజులు పెడితే కోసిన చోట గట్టి పొర కడతది. తర్వాత పొడి మట్టిల నిలబెట్టి ఇంకో వారం నీళ్ళు పోయొద్దు. ఈ ఓపికే మనకు తక్కువ. కోసిన్నాడే నాటి, నాటిన్నాడే నీళ్ళు పోస్తం.

మట్టి సంగతి కూడా ఒక మాట. నర్సరీల నుంచి వచ్చే కుండీల ఎక్కువగ కొబ్బరి పొట్టే ఉంటది. అది తడిస్తే తొందరగ ఆరదు, పూర్తిగ ఎండితే మళ్ళ తొందరగ తడవదు. జల్లెడ పట్టిన దొడ్డు వాగు ఇసుక సగం, మిగతా సగంల ఎర్రమట్టి, బాగా మాగిన ఎరువు కలిపితే చాలు. మెరుగు వేసిన పింగాణీ కంటే మామూలు మట్టి కుండీ వెయ్యిపాళ్ళు నయం. వానాకాలంల కుండీని చూరు కిందికి జరపండి.

పురుగులల్ల ఎక్కువ సతాయించేది పిండినల్లి. ముండ్ల సందుల దూదిలెక్క కనబడ్తది, ఒక్కోసారి వేర్ల మీద కూడా దాక్కుంటది. చీమలు తిరుగుతుంటే అనుమానపడండి, దాని తీపి కోసమే అవి వస్తయి. ఇంట్ల ఒకటి రెండు మొక్కలే ఉంటే పుల్లకు దూది చుట్టి స్పిరిటుల ముంచి తుడిస్తే సరిపోతది. ఎక్కువుంటే లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి పొద్దుగూకినంక కొట్టండి. నూనె మీద ఎండ పడితే మొక్క కాలుతది.

గట్ల మీది నాగజెముడు మీద కూడా ఇట్లాంటి తెల్ల దూదే ఉంటది. నలిపితే చెయ్యి రక్తం లెక్క ఎర్రగైతే అది పిండినల్లి కాదు, కొచినీల్ పురుగు. దాని చరిత్ర చెప్పుకోవాల్సిందే. 1795ల రంగు తయారీ కోసమని బ్రెజిల్ నుంచి మన దేశానికి ఒక పురుగు తెచ్చిన్రు. తీరా చూస్తే అది రంగిచ్చే అసలు జాతి కాదు. రంగు సరిగ రాలే గానీ ఒక రకం నాగజెముడును తిని పడేసింది. తర్వాత 1926ల శ్రీలంక నుంచి ఇంకో జాతిని తెచ్చి దక్షిణాదిన పొలాలు కమ్ముకున్న మరో రకం నాగజెముడును అణిచిన్రు. ఏ పిచికారీ లేకుండ, పురుగుతోనే కలుపును గెలిచిన పని అది. మన పద్ధతికి అంతకంటే పాత సాక్ష్యం ఏం కావాలె?

ఇంకొకటి. కోస్తే తెల్లటి పాలు కారే బొంతజెముడు, ఆకుజెముడు కాక్టస్‌లు కావు. ఆ పాలు కంట్ల పడితే ప్రమాదం, పిల్లల్ని దూరంగ ఉంచండి.

నర్సరీల ఎర్రగనో పసుపుగనో గుండు తీరుగ అమ్మే కాక్టస్ చూసే ఉంటరు. ఆ గుండుకు పచ్చదనం లేదు, తన తిండి తాను వండుకోలేదు. కింద మూడు పలకల పచ్చ కాడకు అంటు కడతరు. ఆ కాడ చాలాసార్లు డ్రాగన్ మొక్కదే. అంటు కొన్నేండ్లకు తెగిపోవుడు మామూలే, దానికి బాధపడొద్దు.

ఆ కాడ నుంచే పొలంలకు పోదాం. డ్రాగన్‌ను "నీళ్ళు అక్కరలేదు, ఎండకు భయం లేదు" అని చెప్పి అమ్ముతున్నరు. ఇది సగం అబద్ధం. డ్రాగన్ ఎడారి మొక్క కాదు, మధ్య అమెరికా అడవులల్ల చెట్ల మీదికి పాకే మొక్క. పై నుంచి చెట్టు నీడ, కింద ఆకుల ఎరువు దానికి అలవాటు. కుండీల గుండు కాక్టస్‌ను నీళ్ళల్ల ముంచి చంపుతున్నం, చెలకల డ్రాగన్‌ను ఎండల మాడుస్తున్నం. మన దగ్గర మే నెల ఎండ 42, 43 డిగ్రీలు దాటినప్పుడు కొమ్మలు పసుపెక్కి తెల్లబడుడు పోషకాల లోపం కాదు. దక్షిణం, పడమర దిక్కుల అవిసెనో మునగనో పెంచితే అది తగ్గుతది. ఎకరానికి లక్షలు పెట్టి స్తంభాలు పాతేటోళ్ళు ఆ నీడ చెట్లు ఏడాది ముందే ఎందుకు పెడ్తలేరో నాకు సమజైతలేదు.

ఎండకు మాడిన చోట్లు మెత్తబడితే వానలకు కుళ్ళు పడ్తది. దానికి తోడు అసలైన రోగం ఒకటుంది, కాండం మచ్చ తెగులు. చిన్నగ, లోపలికి గుంతపడిన పసుపు, నారింజ రంగు చుక్కలతోని మొదలై ఎర్ర గోధుమ రంగుకు మారుతది, తర్వాత బూడిద రంగు మచ్చల నల్లటి పొక్కులు లేస్తయి. ఇది శిలీంద్రం పని. వాన చినుకుల తోని, కత్తెర తోని, తెచ్చిన నారు తోని పాకుతది. పుల్లటి మజ్జిగ, ట్రైకోడెర్మా ముందు జాగ్రత్తకు వాడుకోండి, పడిన మచ్చను మాత్రం అవి వెనక్కి తియ్యవు. మచ్చ కొమ్మను పొడి వాతావరణంల కోయాలె, చెట్టు చెట్టుకూ కత్తెర తుడవాలె.

ఆచ్ఛాదన కూడా మొదలుకు జానెడు దూరంల ఆగాలె. కాండానికి ఆనించి గడ్డి కప్పితే వానాకాలమంతా తడి గుడ్డ చుట్టినట్టే. కోసిన కొమ్మల్ని అక్కడ్నే ఆచ్ఛాదనగ వేసుడు మనకు అలవాటు, మిగతా పంటలల్ల అది మంచి అలవాటే. మచ్చ తెగులు కొమ్మలను మాత్రం వద్దు, ఆ పొక్కులే వచ్చే వానకు విత్తనం. పొలంల ఏదీ కాల్చొద్దని నేనే చాలాసార్లు చెప్పిన. ఇక్కడ మినహాయింపు ఇస్తున్న: తోట బయట ఎండబెట్టి కాల్చండి, లేదంటే లోతుగ గుంత తీసి పూడ్చండి.