దావతు తగ్గిద్దాం, అప్పు తెంపుదాం, దవాఖానకు పైసలు మిగుల్చుదాం!

కోనరావుపేట మండలంల ఉన్న అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా,

ఇది ఓట్ల కాగితం కాదు. చిట్టీల చేరమని, కొత్త లోను ఇస్తమని చెప్పే కాగితం అసలే కాదు. మన ఇండ్లల్ల ఇప్పటికే ఉన్న అప్పు గురించి, దాన్ని తెంపే తొవ్వ గురించి రాస్తున్నం. జర కూసొని చదవండి. చదువు రాని అవ్వ పక్కన ఉంటే ఆమెకు వినబడేటట్టు చదవండి.

మన దిక్కు బతుకులు ఎట్లుంటయో మనకు ఒకరు చెప్పే పని లేదు. ఆడవాళ్లు చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతరు. మొగోళ్లల్ల కొందరు సిరిసిల్ల సాంచాల మీదికి, కొందరు దుబాయి, మస్కట్‌కు పోతరు. మిగిలినోళ్లది ఎవుసం. మూలవాగు పారిన ఏడు ఒక తీరు, పారని ఏడు ఇంకో తీరు. బీడీ పని నెలంతా దొరకదు. సాంచాలకు ఆర్డరు వస్తేనే కూలి. వచ్చే పైసకు నమ్మకం లేదు గాని పోయే పైసకు తారీఖు తప్పదు. వారం తిరగంగనే గ్రూపు కిస్తు, నెల పడంగనే సేటు మిత్తి. నేత కార్మికుల ఆత్మహత్యలతోని సిరిసిల్ల పేరు దేశమంతా పేపర్లకు ఎక్కింది. ఆ రోజులు మనం ఇంకా మరువలేదు.

ఖర్చు తగ్గించుకోమంటే మనోళ్లకు కోపం వస్తది. "తినేదే అంతంత, ఇంకేం తగ్గించాలె?" అంటరు. నిజమే. అందుకే ఈ కాగితం పాలు మానమని, కూర తగ్గించమని చెప్పదు. ఆ పొదుపు మనం ఎప్పటినుంచో చేస్తనే ఉన్నం. బాధంతా అక్కడనే ఉన్నది. పది బీపీ గోలీల పట్టీ తెచ్చుకొని, దినం తప్పి దినం మింగే అవ్వలు ప్రతి వాడకట్టుల ఉన్నరు. బీడీ ఆకు కోసే కత్తెరతోనే పట్టీని సగానికి కోసి, సగం ఈ నెలకు, సగం వచ్చే నెలకు అని డబ్బాల దాస్తరు. అదే ఇంట్ల మనుమరాలి ఇరవై ఒకటో రోజుకు టెంటు, డీజే, రెండు యాటలు. గోలీ కాడ పీనాసితనం, టెంటు కాడ దొరతనం!

ఇప్పుడు ఫంక్షన్ల ముచ్చట. ఇరవై ఒకటో రోజు, పుట్టినరోజు, పట్టుచీర ఫంక్షన్, ధోతి ఫంక్షన్, ఒడిబియ్యం, దినాలు. ఇండ్ల ముంగట ఫ్లెక్సీ కడుతరు. అందుల పసిబిడ్డ ఫొటో చిన్నగ, చుట్టూ నమస్కారం పెట్టిన చుట్టాల ఫొటోలు పెద్దగ. వారం తిరగక ముందే ఆ ఫ్లెక్సీ బర్ల కొట్టం మీద పరదా అయితది. బట్టలు పెట్టుడు ఇంకో కథ. ఒక ఇంట్ల పెట్టిన చీర మడత విప్పకుంట బీరువల పడతది, కవరు తీయకుంటనే ఇంకో ఇంటి ఫంక్షన్‌ల బయటికి వస్తది. కట్టుకునే మనిషి లేక మూడు నాలుగు ఊర్లు తిరిగిన చీరలు ఉన్నయి. కొన్నోళ్లు మాత్రం నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కొన్నరు. ఆచారానికి అంత ఖర్చు లేదు. ఒడిబియ్యానికి కావలసింది బియ్యం, పసుపు, కుడుకలు, ఒక రవిక బట్ట. మిగిలినదంతా మనం పక్కింటోళ్లను చూసి తగిలించుకున్నదే. ఇంటి పెద్ద సచ్చిపోయి, సంపాదించే చెయ్యి పోయిన ఇంటోళ్లే అప్పు చేసి దినాల నాడు ఊరికి మాంసం, మందు పెట్టాలె. ఇది ఏ శాస్త్రంల ఉన్నది?

మరి ఎందుకు మానుకోలేకపోతున్నం? ఒక్క ఇల్లు తగ్గిస్తే "పీనాసోళ్లు", "పైసలున్నా పెట్టరు" అంటరు. బిడ్డకు సంబంధం రాదేమో అన్న భయం. ఒక్కరు తగ్గిస్తే పరువు పోతదని భయమైతది, అదే ఊరంతా కలిసి తగ్గిస్తే కట్టుబాటు అయితది. అందుకే చెవుల చెప్పకుంట ఇట్ల కరపత్రం వేసినం. ఊరూరా గ్రామసభల, కులసంఘంల, మహిళా సంఘంల తీర్మానం చేయండి. ఫ్లెక్సీ వద్దు, డీజే వద్దు, బట్టలు పెట్టుడు వద్దు, దినాల నాడు మందు పొయ్యొద్దు, అప్పు తెచ్చి ఏ ఫంక్షనూ చేయొద్దు. ముందు తగ్గించాల్సింది నౌకరి ఉన్నోళ్లు, లీడర్లు, ఊరి పెద్దోళ్లు. వాళ్ల ఇంట్ల లగ్గం చూసే బీడీల ఇల్లు అప్పు చేస్తది.

ఊరి ఆడవాళ్లు కలిస్తే ఏమైతదో మన తెలుగు నేలకు తెలుసు. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన్రు. ఆ మంట జిల్లాలు దాటింది, 1993 అక్టోబర్ 1 నాటికి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా బంద్ అయ్యింది. ఆ నెల్లూరు ఆడవాళ్లే సారాకు పోయే పైసల్ల నుంచి దినానికి ఒక రూపాయి పొదుపు మొదలుపెట్టిన్రు. మన ఊర్ల బెల్టుషాపు సంగతి వేరే చెప్పాల్నా? దినానికి 150 రూపాయలు మందుకు పోతే ఏడాదికి 54,750. ఇది ఎవరినీ తిట్టుడు కాదు అన్నా, లెక్క మాత్రమే.

మిత్తి లెక్క కూడా చూడండి. సేటు కాడ లక్ష రూపాయలు, నూటికి మూడు రూపాయలు. నెలకు 3,000, ఏడాదికి 36,000. మూడేళ్ల మూడు నెలలు కడితే 1,17,000 కట్టినట్టు, అసలు లక్ష అట్లనే ఉంటది. అదే ఇంట్ల బీరువల పుస్తెలతాడో, గాజులో ఉన్నయి అనుకోండి. బ్యాంకుల కుదువ పెట్టి, ఏడాదికి 9 శాతం మిత్తికి లక్ష తెచ్చి సేటు అప్పు కట్టి, ఆ 3,000 ప్రతి నెల బ్యాంకుల కట్టండి. అదే మూడేళ్ల మూడు నెలలకు అప్పు తీరి బంగారం ఇంటికి వస్తది. కట్టిన పైస ఒక్కటే, కట్టిన చోటు వేరు. బంగారం కుదువ పెట్టుడు సిగ్గు కాదక్కా. బంగారం ఇంట్ల పెట్టుకొని మూడు రూపాయల మిత్తి కట్టుడే నష్టం. ఏ అప్పు ముందు కట్టాలె అంటే, గట్టిగ అడిగేటోళ్లది కాదు, మిత్తి ఎక్కువున్నది.

బంగారం లేనోళ్లకు మహిళా సంఘం ఉన్నది. బ్యాంకు లింకేజీ లోను, స్త్రీనిధి లోను రెండూ సేటు మిత్తి కన్న చాల తక్కువ. తారీఖుకు కడితే బ్యాంకు లోను మిత్తి సర్కారు భరించే వడ్డీ లేని రుణాల పథకం కూడా ఉన్నది. అయితే సంఘం లోను తెచ్చి ఫంక్షన్ చేసుడు, ఫోను కొనుడు బంద్ చేయాలె. అది సేటు కాగితం చింపేందుకే వాడాలె.

మైక్రోఫైనాన్స్ గ్రూపుల గురించి రెండు ముచ్చట్లు. "నూటికి రూపాయే, ఏడాదికి 12 శాతమే" అని చెప్తే నమ్మకండి. మీరు నెలనెలా అసలు కట్టుకుంట పోతున్నా, మిత్తి మొత్తం అసలు మీదనే లెక్క కడితే అది 21 శాతం దాటుతది. 2010ల వీళ్ల వసూళ్లకు ఆడవాళ్లు పాణాలు తీసుకుంటున్నరని వార్తలొచ్చినయి, ఆ అక్టోబర్‌ల అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది. 2022ల రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు ఇప్పుడు అమల్ల ఉన్నయి, ఇవి గుర్తు పెట్టుకోండి. ఇంటిల్లిపాది నెల ఆదాయంల సగానికి మించి అన్ని అప్పుల కిస్తులు కలిపినా ఉండొద్దు. పొద్దున 9 గంటల కంటె ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయొద్దు. తిట్టుడు, బెదిరించుడు, చుట్టాలను సతాయించుడు చేయొద్దు. ముందే అప్పు కట్టేస్తే జరిమానా లేదు. నియమం తప్పితే ముందు కంపెనీకి రాసి ఇవ్వండి. వాళ్లు పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల నంబరు 14448కి ఫోన్ చేయండి.

అప్పు తట్టుకోలేక మనసు పాడైతే ఇంట్ల ఒక్కరికన్నా చెప్పండి. మనసు బాధ వినే సర్కారు నంబరు 14416కు ఫోన్ చేయండి, పగలు రాత్రి ఎత్తుతరు, పైస ఖర్చు లేదు. కట్టలేని అప్పుకు మాట్లాడి గడువు తెచ్చుకోవచ్చు.

ఇగ దవాఖాన. పైస తగ్గించుకోకూడనిది ఇక్కడనే, అప్పు లేకుంట బయటపడే తొవ్వలు ఎక్కువ ఉన్నది కూడా ఇక్కడనే. బీపీ, షుగర్ గోలీలు పల్లె దవాఖానల, కోనరావుపేట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల పైస లేకుంట ఇస్తరు. ఆశ అక్కను అడిగి కార్డు రాయించుకోండి, దినం తప్పకుంట మింగండి. గోలీ మానితే పక్షవాతం రావొచ్చు, వస్తే మంచంల మనిషికి, పని మానుకొని పక్కన కూసున్న మనిషికి, ఇద్దరికీ కూలి పోతది. రక్త పరీక్షలకు సిరిసిల్లల సర్కారు డయాగ్నొస్టిక్ సెంటరు 2021 నుంచి నడుస్తున్నది, మెడికల్ కాలేజీ 2023ల వచ్చింది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల టికెటు లేదు గనుక పోయిరావడానికి ఖర్చు కూడా లేదు. తంబాకు ధూళిల కూసునేటోళ్లకు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలె. టీబీ అని తేలితే మందులు ఉచితం, తిండికి నెలకు 1,000 రూపాయలు ఖాతాల వేస్తరు.

నీరసం అనంగనే సెలైన్ పెట్టించుకునుడు మన దిక్కు పెద్ద అలవాటు. ఆ సీసల చాలమటుకు ఉప్పు నీళ్లే. దాని మీద పెట్టే పైసలతో వారం రోజులు గుడ్లు, పాలు వస్తయి.

పెద్ద ఆపరేషన్ అనంగనే సేటు ఇంటికి ఉరకకండి. సర్కారు ఖర్చుతోని వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉన్నది. తెలంగాణల దాని పరిమితి 2023 డిసెంబర్ 9న 10 లక్షలకు పెరిగింది. మనోళ్లు చేసే తప్పు ఏందంటే, ముందు ప్రైవేటుల చేరుతరు, లక్ష అప్పు చేస్తరు, డిశ్చార్జి నాడు కార్డు తీస్తరు. చేరకముందే ఆ దవాఖాన ఆరోగ్యశ్రీ లిస్టుల ఉన్నదా, ఈ జబ్బు అందుల వస్తదా అని ఆరోగ్యమిత్రను అడగండి. ఇందుకోసమే రేషన్ కార్డుల కోడలి పేరు, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కినయా ముందే చూసుకోండి. సుస్తీ చేసిన నాడు ఆ పని కాదు. బ్యాంకు ఖాతా ఉన్నోళ్లు 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా ఏడాదికోసారి తప్పకుంట కట్టండి, ఒక్కోటి 2 లక్షలది. బీడీ అక్కలు పీఎఫ్ పుస్తకం తీసి ఆధార్‌ల పేరు, పుట్టిన తేదీ కలిసినయా చూపించుకోండి. జబ్బు చేస్తే అందులనుంచి కొంత తీసుకునే వీలున్నది.

గల్ఫ్‌ల ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట. మీరు పంపే పైసలు ఎండల నిలబడి సంపాదించినయి. ఫోన్ల ఫంక్షన్ వీడియో చూసి సంబురపడేకంటె, "ముందు మిత్తి అప్పు కట్టండి, కట్టిన రసీదు ఫొటో పంపండి" అని ఇంటికి చెప్పండి. కొత్తగ పోయేటోళ్లు లైసెన్సున్న ఏజెంటు తోనే పోండి. వాళ్లు తీసుకునే ఫీజు 30,000 రూపాయలకు మించొద్దు, పైన జీఎస్టీ. వీసాకు లక్షలు అడిగితే అది మోసం.

మరి ఇప్పుడు చేయవలసింది. ఈ రాత్రి మొగడు పెండ్లాం కూసొని ఒక కాగితం మీద ఎవరికి ఎంత బాకీ, మిత్తి ఎంత, ఇప్పటిదాక ఎంత కట్టిన్రో రాయండి. ఒకరికి తెలియకుంట ఒకరు చేసిన అప్పు కూడా రాయాలె, దాని మీద ఆ రాత్రి కొట్లాట పెట్టుకోవద్దు. ఆ కాగితం పట్టుకొని వచ్చే సంఘం మీటింగుకు రండి. ఎవరి అప్పు ముందు బ్యాంకుకు మార్చాల్నో అక్కడ కలిసి తేల్చుకుందాం. పది మంది సభ్యులు నెలకు వంద చొప్పున వేస్తే ఏడాదికి 12,000 అయితయి. దాన్ని దవాఖాన డబ్బా అందాం. అందులకెల్లి దవాఖానకే ఇయ్యాలె, మిత్తి లేకుంట ఇయ్యాలె, ఫంక్షన్‌కు అడిగితే ఎంత దగ్గరి మనిషైనా ఇయ్యొద్దు.

మీ ఊర్ల తీర్మానం అయితే దాన్ని పంచాయతీ గోడ మీద రాయించండి. చదివినంక ఈ కాగితం పారేయకుంట పక్కింటోళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
అప్పు బాధ ఎరిగిన కోనరావుపేట మండల ఆడబిడ్డలు, అన్నదమ్ములు