గన్నవరం దగ్గరే, చేనే దూరం

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. కోతలు అయిపోయాయి కదా, తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కాకపోతే చివరిదాకా చదివి తిట్టండి.

నవంబరులో మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. హైదరాబాదులో విమానం మారి గంటలో గన్నవరంలో దిగాడు. అక్కడి నుంచి కారులో హనుమాన్ జంక్షన్, గుడివాడ, గుడ్లవల్లేరు, కౌతవరం మీదుగా పెడనకి గంటన్నర. పెడన నుంచి మా ఊరు ఆరు కిలోమీటర్లు, దానికి ముప్పావు గంట. తెల్లారి చేను చూస్తానన్నాడు. ఊరి నుంచి చేను కిలోమీటరున్నర. కారు కాలవ వంతెన దగ్గర ఆపేశాం. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని డొంకలో నడిచాడు. రెండు చోట్ల కాలు దిగబడితే నేను చెయ్యి పట్టి లాగాను. "బాబాయ్, అంత దూరం నుంచి వచ్చినా ఇంత కష్టం కాలేదు" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు, ఎందుకంటే వాడు నాలుగు రోజుల్లో వెళ్ళిపోతాడు, ఆ డొంకలో రోజూ నడిచేది నేను.

మన ప్రాంతానికి దారులు లేవని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. లెక్క చూడండి. బెజవాడ నుంచి బందరుకి రైలు 1908లోనే వచ్చింది. గుడివాడ దాటాక నూజెళ్ళ, గుడ్లవల్లేరు, కౌతవరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, అన్నిచోట్లా స్టేషన్లే. ఇప్పుడు కరెంటు లైను కూడా పడింది. పుణె నుంచి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ముగుస్తుంది. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216 మన పెడన మీదుగానే పోతుంది. పెడనలో మొదలై గుడివాడ, నూజివీడు వైపు పోయేదానికి 216హెచ్ అని నంబరు. గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. రన్‌వే 3,360 మీటర్లు. ఆ రన్‌వే పెంచటానికి భూములిచ్చింది కూడా మనలాంటి రైతులే, అది మర్చిపోకండి. ఇక బందరు పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి, ముగ్గురు ముఖ్యమంత్రులు మూడుసార్లు శంకుస్థాపన చేశారు.

ఇవి వద్దని నేను అనట్లేదు. పోర్టు రావాలి, విమానాలు పెరగాలి. నేనడిగేది ఒక్కటే. ఈ దారులన్నీ ఎక్కడి నుంచి కొలుస్తున్నారు? "పెడన నుంచి ఎయిర్‌పోర్టు ఎంతసేపు" అని అందరూ అడుగుతారు. "చేలో నుంచి పెడన ఎంతసేపు" అని ఒక్కరూ అడగరు. పెద్ద దారికి నంబరుంది, బడ్జెట్టుంది, రిబ్బను కత్తిరించేవాళ్ళున్నారు. డొంకకి ఏముంది?

"పెద్ద రోడ్డు వస్తే చిన్న రోడ్లు వాటంతట అవే వస్తాయి" అని కొంతమంది చదువుకున్నవాళ్ళు చెప్తారు. మా రచ్చబండ దగ్గర కూడా ఈ మాట చాలాసార్లు విన్నాను. అయ్యా, రైలొచ్చి నూరేళ్ళు దాటింది. ఇంకెన్నాళ్ళు ఆగాలి? అసలు అంతకుముందు నుంచే మన బందరు ప్రపంచానికి తెలిసిన రేవు. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ కొట్టు పెట్టారు, వాళ్ళకంటే ముందే డచ్చివాళ్ళు వచ్చారు. గోల్కొండ నుంచి బందరుకి బళ్ళు నడిచాయి. ఇక్కడి అద్దకం గుడ్డలు ఓడలెక్కి పర్షియా దాకా పోయాయి. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అంటే నాలుగు వందల ఏళ్ళ నుంచీ మన సరుకు బయటికి పోవటానికి దారి ఉంది. సరుకు పండించినవాడు తన చేలో నుంచి ఆ దారి దాకా రావటానికి మాత్రం దారి ఎవరూ చూడలేదు. పెద్ద దారి వెనకాల చిన్న దారి దానంతట అది నడిచి రాదండీ. ఎవరో ఒకరు అడిగి వేయించాలి.

డొంక లేకపోతే ఏం పోతుంది అంటారా? నా సొంత లెక్క చెప్తాను. నాది నాలుగు ఎకరాలు. మొంథా తుఫానుకి కొంత పడిపోగా ఈ సార్వాలో ఎకరానికి 28 బస్తాల చొప్పున 112 బస్తాలు అయ్యాయి. కోత మిషను ఎలాగో చేలోకి దిగింది, అది చైను మిషను కాబట్టి. ట్రాక్టరు ట్రక్కు మాత్రం డొంకలో సగానికి వచ్చి దిగబడిపోయింది. ముఠావాళ్ళు బస్తాలు నెత్తిన పెట్టుకుని కాలవ గట్టు దాకా మోశారు. బస్తాకి 25 రూపాయలు అదనం. వాళ్ళనేం అనను, ఆ బురదలో నేనైతే 50 అడిగేవాడిని. అది 2,800. చీకటి పడేసరికి 40 బస్తాలు చేలోనే ఉండిపోయాయి. రాత్రి జల్లు పడింది. బరకాలు కప్పాం కానీ కింద నుంచి చెమ్మ లాగేసింది. తేమ 17 శాతం దాటితే మద్దతు ధర రాదని మీకు తెలుసు. 2025-26లో మద్దతు ధర మామూలు రకానికి క్వింటా 2,369, అంటే మన 75 కిలోల బస్తాకి 1,777. ఆ 40 బస్తాలు బయట ఒకాయనకి 1,450కి ఇచ్చేశాను. బస్తాకి 327 చొప్పున 13,080 పోయింది. మొత్తం కలిపి 15,880 రూపాయలు. తుఫాను చేసిన నష్టం ఇందులో కలపలేదు. ఇది కేవలం కిలోమీటరున్నర డొంక ఖరీదు, ఒక్క పంటకి, ఒక్క రైతుకి. ఆ డబ్బుతో నేనూ మా ఆవిడా గన్నవరంలో విమానమెక్కి హైదరాబాదు చూసి రావచ్చు!

డబ్బు పోతే పోయింది. ప్రాణం సంగతి చూడండి. రెండేళ్ళ కిందట ఊడ్పులప్పుడు మా వీధి కుర్రాడు రాత్రిపూట నీళ్ళు మళ్ళించటానికి వెళ్తే పాము కరిచింది. 108కి ఫోను చేస్తే బండి త్వరగానే వచ్చింది. వచ్చి వంతెన దగ్గర ఆగిపోయింది. తప్పు బండిదీ కాదు, డ్రైవరుదీ కాదు, ఆ బురదలోకి దిగితే అందరూ అక్కడే ఉండిపోతారు. నలుగురం మంచం మీద వేసుకుని మోశాం. వంతెన నుంచి బందరు ఆసుపత్రికి పట్టిన టైము కంటే చేలో నుంచి వంతెనకి పట్టిన టైమే ఎక్కువ. దేవుడి దయ, బతికాడు. కాలి వేలు ఒకటి తీసేశారు. ఇప్పటికీ వాడు కుంటుతూ ఎదురొస్తే నేను డొంక వైపు చూస్తాను.

1977 ఉప్పెనప్పుడు నాకు ఏడేళ్ళు. దివిసీమలో వేలమంది పోయారు. హెలికాప్టరు అనేదాన్ని నేను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే. దారులు తెగిపోయిన ఊళ్ళకి పైనుంచి ఆహారం పొట్లాలు జారవిడిచారు. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చినప్పుడు ఏమైంది? గన్నవరంలో విమానాలు రద్దు. హైవే మీద పెద్ద బళ్ళు ఆపేశారు. ఆపాలి కూడా, తప్పేం లేదు. కానీ ఆ రాత్రి మా ఊళ్ళో ముసలివాళ్ళని, పసిపిల్లల తల్లులని బడిలోకి చేర్చింది ఏ దారిన? గుంటలు పడ్డ కాలవ గట్టు మీదనే. కష్టం వచ్చిన రోజు పెద్ద దారులన్నీ మూసేస్తారు, ఊరి దారే మిగులుతుంది. అలాంటప్పుడు ముందు బాగుచేయాల్సింది ఏది?

మనకి డొంకైనా ఉంది. నాగాయలంక అవతల ఎదురుమొండి దీవులవాళ్ళని తలుచుకోండి. ఏటిమొగ దగ్గర కృష్ణ పాయ దాటాలంటే పంటు ఎక్కాలి. గాలి ఎక్కువైతే పంటు ఆగుతుంది. వంతెన మాట వాళ్ళు ఏళ్ళ తరబడి వింటున్నారు. వంతెన వస్తే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. పులిగడ్డ–పెనుమూడి వారధి 2006లో వచ్చేదాకా అవనిగడ్డవాళ్ళు ఎదురుగా కనపడే రేపల్లెకి పోవాలంటే పడవెక్కాలి, లేదంటే బెజవాడ చుట్టి రావాలి. ఇప్పుడు నిమిషాల్లో దాటుతున్నారు. చిన్న ఊరికి దారి వేస్తే జీవితం మారదని ఎవరన్నా అంటే ఆ వారధి మీద ఒక గంట నిలబడి చూసి రమ్మనండి.

బస్సు సంగతి కూడా చెప్పుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. మంచి పని, నేను మెచ్చుకుంటాను. కానీ మా ఊళ్ళోకి బస్సు రాదు. రోడ్డు బాగుంటే కదా వచ్చేది! మా ఆవిడ ఆటోకి 30 రూపాయలిచ్చి పెడన వెళ్ళి, అక్కడ ఉచిత బస్సు ఎక్కి బందరు వెళ్తుంది. వచ్చేటప్పుడు మళ్ళీ 30. ఉచితానికి 60 రూపాయలు.

ఇంతకీ ఈ చిన్న దారి ఎవరిది అని అడిగితే ఇంకో తమాషా. తారు రోడ్డు పంచాయతీరాజ్‌ది. కాలవ గట్టు ఇరిగేషన్‌వాళ్ళది. డొంక రెవెన్యూ పోరంబోకు. నా చేలో నుంచి పెడన వెళ్ళే ఒక్క దారికి ముగ్గురు యజమానులు. ఒకాయన దగ్గరికి వెళ్తే ఇంకొకాయన పేరు చెప్తారు. పల్లెలకి తారు రోడ్లు వేయటానికి కేంద్రం 2000లో గ్రామ సడక్ యోజన పెట్టింది, దానివల్ల చాలా ఊళ్ళు బాగుపడ్డాయి. కానీ అది ఊరి దాకానే, చేను దాకా కాదు. చేను దాకా వెళ్ళే దారికి ఉపాధి హామీలో వీలుండేది. కూలికి 60 పాళ్ళు, సామగ్రికి 40 పాళ్ళు అని లెక్క ఉండేది. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజు గ్రామసభలు పెట్టి పనులు రాసుకున్నారు, ఆ పనులకే అక్టోబరులో మన కంకిపాడులో పల్లె పండుగ అని మొదలుపెట్టారు. మా ఊళ్ళో ఏం రాయించామో తెలుసా? పెద్ద వీధిలో సిమెంటు రోడ్డు. డొంక మాట ఎత్తినవాడు లేడు. ఆ రోజు సభలో నేనూ ఉన్నాను. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట. తప్పంతా పైవాళ్ళదేనా? మా నాన్న హయాంలో మా డొంకలో రెండు ఎడ్లబళ్ళు ఎదురెదురుగా వస్తే సులువుగా తప్పుకునేవి. ఊరి నక్ష తీసి చూస్తే 30 లింకుల వెడల్పు, అంటే దాదాపు 20 అడుగులు. మొన్న నేను టేపు పెట్టి కొలిస్తే ఒకచోట 11, ఒకచోట 9. మిగతాది ఎవరు తిన్నారు? ప్రభుత్వమా? మనమే. ఏటా గట్టు చెక్కేటప్పుడు పార ఒక బెత్తెడు డొంకవైపు జరుగుతుంది. ముప్పై ఏళ్ళలో అది గజాలు అవుతుంది. నా చేను పక్కనే రెండడుగులు నా గట్టులో ఉంది. నా చేతులతో కలిపిందే, కాదని ఎలా అంటాను?

ఇంకా ఉంది. ట్రాక్టరుకి దమ్ము చక్రాలు విప్పకుండా తారు రోడ్డు మీద నడిపేది మనమే. కొత్తగా వేసిన రోడ్డు ఒక్క సీజనుకి గీతలు పడి లేచిపోతే కాంట్రాక్టరుని తిడతాం. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి, రాత్రి అలాగే వదిలేసేది మనమే. కళ్ళాలు లేవు, నిజమే, నేనూ పోశాను. కానీ చీకట్లో ఆ రాళ్ళ మీద బండి ఎక్కి పడేది ఏ హైదరాబాదువాడో కాదు, మన పిల్లలే.

కాబట్టి నేను చేసింది చెప్తాను. పోయిన ఆదివారం నా గట్టు రెండడుగులు వెనక్కి జరిపాను. మా ఆవిడ "ముందు నువ్వే ఎందుకు, అందరూ జరిపాక జరపొచ్చుగా" అంది. అందరూ ఆ మాటే అనుకుంటే నక్షలో 20 అడుగులు, నేల మీద 9 అడుగులే ఉంటాయి. పక్క చేనాయన మూడు రోజులు చూసి నాలుగో రోజు తన గట్టు కొంత చెక్కాడు. మూడో ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు, ఆలోచించనివ్వండి.

మీరూ చేయండి. ఊరి నక్ష, ఎఫ్ఎంబీ తీయించండి. మండల సర్వేయరు చేత డొంక కొలిపించండి. మన ఆక్రమణ మనమే తీశాక వచ్చే గ్రామసభలో మొదటి పనిగా డొంక రాయించండి, తీర్మానం కాపీ చేత్తో పట్టుకోండి. అప్పుడు ముగ్గురు యజమానుల దగ్గరికీ ఒక్కడు కాదు, ముప్పైమంది వెళ్దాం. ఓట్లకి వచ్చినవాళ్ళు పోర్టు గురించి, విమానాల గురించి చెప్తే సంతోషంగా విందాం. విన్నాక, "బాగుందండీ, ఇప్పుడు కారు దిగి మాతో మా చేను దాకా నడిచి రండి" అని అడుగుదాం. బూట్లు చేత్తో పట్టుకోమని ముందే చెప్పండి.

మా అన్నయ్య కొడుకు వచ్చే సంక్రాంతికి మళ్ళీ వస్తానన్నాడు. వాడు గన్నవరం ఎలా చేరతాడో అన్న బెంగ నాకు లేదు.